కోటల త్రోవలో సైకిలు యాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సభలో మాట్లాడుమని నన్ను కోరిన పెద్దలు, విషయమును మీరే ఎన్నుకొనుడని స్వేచ్ఛ నిచ్చిరి. గ్రంథాలయ సభలలో గ్రంథములను గూర్చి ప్రసంగించుట ఆచారము. నేనును ఆ ఆచారమును దాటను. కాని నేను చెప్పబోవు గ్రంథములు మన బీరువాలలో లేవు. అవి మట్టితోను రాతితోను వ్రాయబడినవి. మన కరీంనగర, ఆదిలాబాదు ప్రాంతములలో ఏ ఊరినుండి బయలుదేరినను ఒక పూట ప్రయాణములో అట్టిది ఒకటైనను తగులును. వానినే మనము కోటలందుము. వానిని చదువుటకు మిక్కిలి అనువైన సాధనము సైకిలని నా మనవి.

ఈ మాటకు కొందరు నవ్వుకొనుచున్నారు. నవ్వదగినదే. నేడు మోటారు సైకిలు లేని ఇల్లు అరుదు. ఒకనాడు గడియారముతోను రేడియోతోను సమానముగా అల్లునికి పెండ్లి కానుకయై గౌరవమందిన సైకిలు, ఇప్పుడు ఎక్కువగా బడి పిల్లలకు మిగిలినది. గంటకింత అని సైకిలు కిరాయికిచ్చు దుకాణములు చాలవరకు మూతపడినవి. సీటు అందక, నడిమి కడ్డీ క్రిందుగా కాలు దూర్చి త్రొక్కుట నేర్చుకొన్న తరమువారు మాత్రము ఈ సభలో ఇంకను పలువురున్నారు. నేను చెప్పునది వారికి కొత్తది కాదు. వారి మనుమలకు కొత్తది.

ఈ యంత్రము పుట్టి రెండువందల యేండ్లు దాటినది. 1817లో జర్మనీ దేశస్థుడైన డ్రైసు చేసిన రెండు చక్రముల బండికి పెడళ్ళు లేవు; కాళ్ళతో నేలను తన్నుచు పోవలసినదే. 1885లో ఇంగ్లండులో స్టార్లీ అనునాతడు వెనుక చక్రమును చైనుతో త్రిప్పు సైకిలును వ్యాప్తికి తెచ్చెను. 1888లో డన్‌లపు గాలి టైరును చేసెను. మన దేశమున 1949లో మద్రాసు చెంత టి.ఐ. సంస్థయు, 1951లో సోనీపతులో అట్లాసు సంస్థయు, 1956లో లుధియానాలో హీరో సంస్థయు తయారీకి పూనుకొనిన పిమ్మట సైకిలు పల్లె మనిషికి అందుబాటులోనికి వచ్చినది.

ఇక నా వాదమునకు వచ్చెదను. మనిషి నడక గంటకు నాలుగైదు కిలోమీటర్లు. మోటారు అరువది. సైకిలు పండ్రెండు మొదలు పదునైదు. నడచి పోయినవానికి కోట చేరుసరికి ప్రొద్దెక్కి ఓపిక తీరును. మోటారులో పోయినవానికి కోట ఒక్క నిమిషము కానవచ్చి కనుమరుగగును. సైకిలు మీద పోవువానికి మాత్రము దూరమునుండియే గుట్ట కనబడును. గంటసేపు అది మెల్లగా పెరుగుచుండును. ఈ గుట్టనే ఆ రాజు ఎందుకు ఎన్నుకొనెనను ప్రశ్న దానంతటదియే మనసులో పుట్టును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. నేల యొక్క ఎత్తుపల్లములు సైకిలు త్రొక్కువాని కన్నులకంటె ముందుగా కాళ్ళకు తెలియును. కోటల చరిత్రలో అధికభాగము ఎత్తుపల్లముల చరిత్రయే. కావున దానిని కాళ్ళతో చదువుకొనవచ్చును.

మన సీమను ఒక్కసారి తలచుకొనుడు. మానేరునకు గోదావరికి నడుమ నేల చదునుగా పరచుకొని యుండును. వరి మడులు, మొక్కజొన్న, జగిత్యాల వైపున మామిడితోటలు, కోరుట్ల మెట్పల్లి దిక్కున పసుపు చేలు. ఆ చదునులో హఠాత్తుగా ఒక బోడి రాతిగుట్ట లేచును. దాని పాదమున చెరువు, చెరువునకు కట్ట, కట్టకు తూము, ఒక ప్రక్క మత్తడి, దిగువన ఆయకట్టు. కొన్ని ఊళ్ళ నడుమ గుండ్రని బురుజు ఒకటి నేటికిని నిలిచి యున్నది. దోపిడి దండులు వచ్చు దినములలో ఊరివారు ధాన్యమును ప్రాణములను దాచుకొనిన తావులవి. పెద్ద కోటలు రాజులవైనచో, ఈ బురుజులు ఊళ్ళవి. వీనిని లెక్కపెట్టుచు పోయినను ఒక దినము సరిపోవును.

హైదరాబాదు నుండి కరీంనగరము మీదుగా రామగుండమునకు పోవు పెద్ద రహదారిని విడిచిపెట్టుడు. దానిపై లారీలదే రాజ్యము. ఊరి నుండి ఊరికి పోవు పక్కదారులే మనవి. 1963లో పునాది పడిన శ్రీరామసాగరము నుండి వచ్చు కాకతీయ కాలువ ఈ జిల్లాలలో చాలదూరము పారును. దాని గట్టు వెంబడి పోవుటకు వీలున్న చోట్ల అంతకంటె ప్రశాంతమైన దారి లేదు. నీరు పారునట్టి దారి గనుక ఎక్కుడు దాదాపు ఉండదు. అట్టి దారులలో పోవునప్పుడు పొలము గట్టున ఏ అవ్వయో నిలిపి అడుగును: “ఎటు పోతున్నవు బిడ్డా?” కోటకని చెప్పినచో, “కోటల ఏమున్నది బిడ్డా, రాళ్ళు తప్ప? ఎండల వడి వచ్చినవు, కూసో, నీళ్ళు తాగి పో” అనును. నీళ్ళు త్రాగి పోవుదము గాని, ఆమె ప్రశ్నకు జవాబు కూడ చెప్పవలసియున్నది. రాళ్ళు తప్ప అందులో ఏమున్నది?

మన కోటలు మూడు తరగతులు. మొదటివి మట్టి కోటలు. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టయు, జగిత్యాల జిల్లాలో పెద్దవాగు గోదావరిలో కలియు చోటనున్న కోటిలింగాలయు శాతవాహనుల నాటివి. ఆంధ్రులకు ప్రాకారములు గల ముప్పది పట్టణములున్నవని ప్లీనీ అను రోమను గ్రంథకర్త వ్రాసెను. ఆ ముప్పదిలో ధూళికట్ట ఒకటి కావచ్చునని పండితులు తలంతురు. అక్కడ 1970 దశకములో త్రవ్వగా మట్టికోట గోడలును, ఒక బౌద్ధ స్తూపమును, ముచులింద నాగుని శిల్పమును బయల్పడినవి. నేడు చూచువానికి అది చేల నడుమ మెత్తని దిబ్బ. మోటారులో పోవువాడు దానిని దిబ్బయని కూడ గుర్తింపడు. సైకిలు వానికి చక్రము బరువెక్కును. చదునైన పొలములో ఈ ఎత్తు ఎక్కడనుండి వచ్చెనని దిగి చూచును.

కోటిలింగాల కథ మన గ్రంథాలయ సభ్యులందరు వినదగినది. శాతవాహన వంశమునకు మూలపురుషుడైన సిముకుని పేరు పురాణములలోను నానాఘాటు గుహలోను మాత్రమే తెలిసియుండెను. అతని నాణెములు కోటిలింగాలలో దొరకినవి. అంతకు పూర్వపు గోబద, నారన, సమగోప మున్నగు పాలకుల నాణెములును దొరకినవి. వానిని ఓపికతో సేకరించినవాడు స్థానికుడైన సంగనభట్ల నరహరిశర్మ. పరిశీలించి లోకమునకు వెల్లడించినవారు శాసన పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి. ఒక ఊరి మనిషి వాన వెలిసిన పిమ్మట దిబ్బమీద కనబడిన రాగి బిళ్ళలను పారవేయక దాచుటచేత తెలుగు దేశ చరిత్రలో మొదటి అధ్యాయము మరల వ్రాయవలసి వచ్చినది. ఇది పెద్ద చదువుల వలన కాదు, ఆగి చూచుట వలన జరిగినది.

రెండవ తరగతివి గిరిదుర్గములు. కరీంనగరమునకు దాదాపు ముప్పది కిలోమీటర్ల దూరమున నున్న మొలంగూరు కోట కాకతీయుల నాటిది. ప్రతాపరుద్రుని అధికారి వొరగిరి మొగ్గరాజు దానిని కట్టించెనందురు. గుట్ట దిగువన దూద్‌బావి యను బావి కలదు. దాని నీరు పాలవలె తెల్లన, రుచికి తియ్యన. ఆ నీటిని నిజాము ప్రభువుకు పంపెడివారని పెద్దలు చెప్పుదురు. దాహముతో చేరిన సైకిలు వానికి ఒక సంగతి వెంటనే బోధపడును: గుట్ట ఉన్నంత మాత్రమున కోట నిలువదు, బావి కావలయును. ముట్టడి పడినప్పుడు గోడ పగులుటచే లొంగిన దుర్గములకంటె నీరు తీరుటచే లొంగినవి తక్కువ కావు.

పెద్దపల్లి మంథనిల నడుమ బేగంపేట చెంత రామగిరి కలదు. సైకిలును క్రింద ఉంచి నడచి ఎక్కవలసినదే. శ్రావణ మాసములో వన మూలికలు వెదకుచు ఆయుర్వేద విద్యార్థులు ఆ కొండకు వత్తురు. పైనుండి చూచినచో ఒకవైపు పొలములు, మరియొకవైపు బొగ్గు గనుల నేల. వెనుకటి సంపదకు కాపలా కాసిన కొండ నేటి సంపదను చూచుచున్నది.

కరీంనగరము నుండి సిరిసిల్ల దిక్కునకు పది పండ్రెండు కిలోమీటర్లు పోయినచో మానేటి ఒడ్డున ఎలగందుల. మొదటి సైకిలు యాత్రకు ఇంతకంటె అనువైనది లేదు; పిల్లలు కూడ పోయి రావచ్చును. కాకతీయులు, బహమనీలు, కుతుబుషాహీలు, మొగలులు, ఆసఫుజాహీలు, ఇట్లు ఐదు ప్రభుత్వముల చేతులు దానిపై పడినవి. కొండపైన నీలకంఠుని గుడి యున్నది, మసీదు కూడ ఉన్నది. 1754లో జఫరుద్దౌలా కట్టించిన ఆలంగీరు మసీదు మీనారులు ఊపినచో కదలునని ప్రసిద్ధి. 1905 నాటి మార్పుల వరకు మన జిల్లా పేరే ఎలగందుల. జిల్లా కేంద్రము కరీంనగరమునకు తరలిన పిమ్మట ఈ ఊరు మరల పల్లెయైనది. అధికారము తరలి పోయినను రాయి అక్కడనే మిగిలినది.

మూడవ తరగతివి ఫిరంగుల కాలపు కోటలు. ఇందుకు జగిత్యాల కోటయే నిదర్శనము. 1747లో జఫరుద్దౌలా కాలమున ఫ్రెంచి ఇంజనీర్ల సాయముతో అది నక్షత్రాకారమున కట్టబడెను. మొలంగూరు రామగిరులను చూచిన కాళ్ళకు జగిత్యాలలో ఒక ఆశ్చర్యము కలుగును. ఇక్కడ ఎక్కుడే లేదు! చదునైన నేలమీద కోట. కారణమేమి? బాణములు, నిచ్చెనలు యుద్ధసాధనములుగా నున్న దినములలో ఎత్తే బలము. ఫిరంగి వచ్చిన పిమ్మట ఎత్తైన గోడ గుండునకు మంచి గురి యైనది. కావున గోడను తగ్గించిరి, మందము పెంచిరి, చుట్టును కందకము త్రవ్విరి. గుండ్రని బురుజు ముందట కోటలోనివారి గుండు తగులని చాటు కొంత మిగులును. శత్రువు అక్కడ దాగును. నక్షత్రపు కోణములలో ఒక ముఖమును మరియొక ముఖము కాచును, చాటు మిగులదు. యుద్ధవిద్యలో జరిగిన ఇంత పెద్ద మార్పును పుస్తకములో చదివి గ్రహించుట కష్టము. ఒక వారము మొలంగూరు, మరుసటి వారము జగిత్యాల త్రొక్కి వచ్చిన బాలునికి అది ఎన్నటికిని మరపునకు రాదు.

జగిత్యాలకు సమీపముననే పొలాస. దీని పాలకుడైన మేడరాజును కాకతి రుద్రదేవుడు జయించినట్లు 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనము చెప్పుచున్నది. రాజధానులకు దూరముగా నున్న ఈ సీమ ఏ రాజునకును సులభముగా తల వంచలేదనుటకు మన కోటల సంఖ్యయే సాక్ష్యము.

రాయపట్నము వంతెనపై గోదావరిని దాటినచో పాత ఆదిలాబాదు జిల్లా. 2016లో అది నాలుగు జిల్లాలైనది. ఇక్కడ నేల రంగు మారును, పంట మారును, అడవి దగ్గరగును. మంచిర్యాల వైపున బొక్కలగుట్ట చెంత గాంధారి కోట. అక్కడ మైసమ్మ జాతరను నేటికిని నాయకపోడు సోదరులు జరుపుచున్నారు. అది శిథిలము కాదు, కొలువున్న కోట. ఉట్నూరులో గోండు రాజుల కోట కలదు. కోటలనగా కాకతీయులు, సుల్తానులు మాత్రమేయని తలచువారు దానిని తప్పక చూడవలయును. లక్సెట్టిపేట నుండి జన్నారము, ఖానాపురము మీదుగా నిర్మలకు పోవు దారి 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల అడవిని ఒరసికొని పోవును. చీకటి పడకముందే ఆ దారిని ముగింపవలయును.

నిర్మల పట్టణము పొనికి కర్ర బొమ్మలకు పేరుగాంచినది. దాని చుట్టును కోటలు, బురుజులు, గొలుసుకట్టు చెరువులు. శ్యామగఢు కోటలోను ఫ్రెంచివారి పనితనము కానవచ్చును. కాని నిర్మలకు పోయినవారు కోటను మాత్రమే చూచి మరలరాదు. 1860లో గోండు వీరుడు రాంజీని ఆయన అనుచరులతో కూడ అక్కడి మర్రిచెట్టుకు ఉరి తీసిరి. వేయిమందిని ఉరి తీసిరని జనులు చెప్పుకొందురు. ఆ మర్రి ‘వెయ్యి ఉరుల మర్రి’ అను పేరు పొందినది. చెట్టు ఇప్పుడు లేదు. కోట గోడ మిగిలినది, మర్రి మిగులలేదు. ఏలినవారి ఆనవాలు రాతిలో నుండును. ఎదిరించినవారి ఆనవాలు జనుల నోటిలో మాత్రమే యుండును. అందుచేత దానిని వ్రాసి ఉంచుట గ్రంథాలయము వంటి సంస్థల ధర్మము.

ప్రయాణమునకు కావలసినవి కొద్దియే. కార్తీకము మొదలు మాఘము వరకు అనువైన కాలము. తెల్లవారక మునుపే బయలుదేరి పది గంటలలోపల కోట చేరుట మేలు. గాలి పంపు, పంక్చరు సామాను, ఒక అదనపు ట్యూబు, నీళ్ళ సీసా, సద్ది, టోపీ. పొలము బాటలలో తుమ్మముల్లును పల్లేరుకాయయు సైకిలునకు కోట శత్రువులకంటె గొప్ప శత్రువులు. ఒంటరిగా పోవలదు, ఇద్దరు ముగ్గురు కలిసి పొండు. ఆడపిల్లలు వెనుకబడరాదు. తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1990 దశకపు తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలాది స్త్రీలు సైకిలు నేర్చుకొనిరి. అక్షరమును చక్రమును కలిసి నడచినవి. అది మన గ్రంథాలయమునకును తగిన మార్గము.

ఇతర దేశములలో ఇట్టి యాత్రను ఎట్లు గౌరవింతురో చూడుడు. జర్మనీలో మ్యూన్‌స్టరు సీమ మన సీమవలెనే చదునైన పొలముల దేశము. అక్కడ ‘వంద కోటల దారి’ యని దాదాపు 960 కిలోమీటర్ల సైకిలు మార్గమున్నది. ఊరూర దారి గుర్తులు నాటియున్నవి. ఫ్రాన్సులో లువారు నది వెంబడి కోటలను చూచుచు సైకిలుపై పోవు దారియు ప్రసిద్ధమే. వారి కోటలు మనవానికంటె గొప్పవని కాదు. వారు దారి చూపు పలకలు పాతిరి, మనము పాతలేదు.

పలకలు పాతకపోవుటయే కాదు, ఉన్నవానిని పోగొట్టుకొనుచున్నాము. ఎల్లంపల్లి జలాశయము నిండినప్పుడు కోటిలింగాల దిబ్బలలో కొంతభాగము నీట మునుగుచున్నది. గుప్తనిధులున్నవను దురాశతో రాత్రులందు కోటలలో గుంతలు త్రవ్వుచున్నారు. బురుజు రాళ్ళు ఇండ్ల పునాదులకు పోవుచున్నవి. మన జిల్లా గుట్టల గ్రానైటు దేశదేశములకు ఎగుమతి యగుచున్నది. దానివలన బ్రదుకువారున్నారు, నేను కాదనను. కాని గుట్ట కరగిన పిమ్మట దానిపై కోట యుండెనని ఎవరు చెప్పుదురు? 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దొరకిన నిధిని కలెక్టరుకు తెలుపవలయును. వారసత్వ కట్టడముల రక్షణకై మన రాష్ట్రమున 2017లో చట్టము వచ్చినది. చట్టము కాగితము మీద నున్నది. చూచిన కన్నులు, వ్రాసిన చేయి లేనిదే ఏ చట్టమును ఒక రాతినైనను కాపాడలేదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమునకు ఒక చిన్న విన్నపము. గ్రంథాలయములో ‘కోటల పుస్తకము’ అను ఒక గట్టి అట్ట నోటుపుస్తకమును తెరువుడు. సైకిలుపై ఏ కోటకు, ఏ బురుజుకు, ఏ పాడుపడిన గడీకి పోయి వచ్చిన చందాదారుడైనను అందులో ఒక పుట వ్రాయవలయును. ఊరి పేరు, ఆ స్థలమునకు జనులు పిలుచు పేరు, దర్వాజాలెన్ని, బావులెన్ని, గోడ ఏ వైపున పడిపోయినది, అక్కడి ముసలివారు చెప్పు కథ ఏమి, చూచిన తేదీ ఏది, ఇంతియే. చేతిఫోనుతో తీసిన ఒక బొమ్మను అచ్చు వేసి అంటించుడు. పండితుడు కానక్కరలేదు. కండ్లతో చూచినది చూచినట్లు వ్రాసిన చాలును. కార్యవర్గమువారు గాలి పంపును, పంక్చరు సామానును కొని, పుస్తకముల వలెనే సంతకము చేయించుకొని అరువిచ్చిన ఇంకను మంచిది.

ఇప్పుడు ఆ అవ్వ ప్రశ్నకు జవాబు. రాళ్ళు తప్ప కోటలో ఏమున్నది? నీరెక్కడ దొరకునో, శత్రువు ఏ దారిని వచ్చునో, ఎత్తు ఎప్పుడు బలమో ఎప్పుడు బలహీనతయో మన పూర్వులు ఆలోచించిన ఆలోచన అందులో నున్నది. ఎవరు కట్టిరో, ఎవరు రాళ్ళు మోసిరో, ఎవరు ఉరికంబమెక్కిరో ఆ జ్ఞాపకమున్నది. రాయి పోయినచో ఆలోచనయు జ్ఞాపకమును దానితోపాటు పోవును. పుటలో వ్రాసినచో మిగులును.

ఇంకొక ఇరువదియైదు సంవత్సరములకు ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనును. ఆనాడు నేటి బాలబాలికలు ఈ వేదికపై పెద్దలై కూర్చుండి ఆ కోటల పుస్తకమును తెరతురు. మనము వ్రాసిన కోటలన్నియు అప్పటికి నిలిచియుండునని నేను హామీ ఇయ్యలేను. కాని ఏది నిలిచినదో, ఏది పోయినదో, ఎప్పుడు పోయినదో చెప్పగల ఊరు మన ఊరగును. ఆ మొదటి పుట వచ్చు ఆదివారము వ్రాయబడవలెనని కోరుచున్నాను.